తడి గోడ ముందు దిష్టిబొమ్మ

1
సోమవారం. తూర్పు గాలి. గోడ ఇంకా లేవలేదు.

ఈ రోజు నుంచి శిబిరం దినచర్య రాసే పని నాది. గౌరవం అనుకునేరు, శిక్ష. నిన్న భోజనాలయ్యాక పాకలో అందరూ వరసగా కూర్చుని కునికిపాట్లు పడుతుంటే, వాళ్ళ తలగుడ్డల కొసలు ఒకదానికొకటి ముడేసి, పాక బయట నిలబడి "సముద్రం వస్తోంది" అన్నాను. మెల్లిగానే అన్నాను. అందరూ ఒకేసారి లేచి, ఒకేసారి ఒకడి మీద ఒకడు పడ్డారు. మా మెరకపాలెంలో ఆ మాటతో పరాచికాలాడేవాణ్ణి నేనొక్కణ్ణే. పాత ఊరు నీళ్ళ కిందికి పోయి ఇరవై ఏళ్ళు దాటినా ఇంకా ఎవరికీ నవ్వు రాదు.

మాకు ఇల్లు కట్టడం నేర్పడానికి ఓరుమా దీవుల నుంచి వచ్చిన లీవాకి అసలే రాలేదు. "సన్యాసి గారూ, మీ నోరు ఖాళీగా ఉండలేదు. అందుకని మీ చేతికి పని ఇస్తున్నాను. ఓడ ఎక్కే వరకు రోజూ రాయండి. మీరేం చేశారు, గోడ ఏం చేసింది. అబద్ధం రాయకండి" అంది. ఆవిడ తెలుగు మా దగ్గరే నేర్చుకుంది గాని మాకంటే శుభ్రంగా మాట్లాడుతుంది. తిట్టినా ఇస్త్రీ చేసి తిడుతుంది.

నా పేరు సన్యాసి. పేరుకి తగ్గ గుణం ఒక్కటీ లేదు. ఏడో తరగతి రెండుసార్లు చదివాను, రుచి మరిగి కాదు. పడవల ముక్కులకి కళ్ళు రాసి బతుకుతున్నాను.

మేము పదిమందిమి ఓరుమాకి సాయం పోతున్నాం. సాయం అంటే మావాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎవరింటికైనా పైకప్పు నేస్తుంటే ఇంటికొకడు వెళ్ళి తాటాకు అందించి, గంజి తాగి వస్తాడు. కూలి అడగడు, రేపు తన ఇంటికి వాళ్ళొస్తారు. పాత ఊరు పోయినప్పుడు మేము టార్పాలిన్ల కింద నానుతుంటే, ఓరుమా వాళ్ళు పిలవకుండానే ఓడెక్కి వచ్చారు. వాళ్ళ బతికున్న మట్టితో ఈ మెరక మీద మా ఇళ్ళన్నీ కట్టి, గంజి తాగి పోయారు. పోయినేడు తుఫాను వాళ్ళ ఇళ్ళని ఊడ్చేసింది. ఉప్పు తగిలి వాళ్ళ మట్టి మొత్తం చచ్చిపోయింది. ఇప్పుడు ఆ మట్టి బతికున్నది మా గోడల్లోనే. కాబట్టి వంతు మాది.

ఈ రోజు ఒక్కొక్కళ్ళం మా మా ఇంటి గోడ నుంచి గుప్పెడు మట్టి గోకి తెచ్చాం. పాలకి తోడు వేసినట్టు దాన్ని పెద్ద తొట్టిలో కొత్త మట్టికి కలిపి, కుడితి పోసి, గోనె కప్పాం. మా బావ దాలినాయుడు వంటింటి వెనకాల గోకుతుండగా ఆయన పెళ్ళాం, మా అప్ప పైడమ్మ చూసింది.

"ఇంటికి నొప్పెడతాదని తెలీదేటి నీకు? నీ వీపు గోకితే ఎలాగుంటాది?"

"హాయిగా ఉంటాదే," అన్నాడు బావ.

2
బుధవారం. పొడి గాలి. గోడ నడుం ఎత్తు, తడి.

తొట్టిలో మట్టి పులిసి గోనెని పైకి ఎత్తేసింది. శిబిరంలో ఒక ఇల్లు కడుతున్నాం. ఇందులో ఎవరూ ఉండరు. ఇది ఆరాక దీన్నే ముద్దలు ముద్దలుగా కోసి ఓడకెక్కిస్తాం. అక్కడ ఒక్కో ఇంటికి ఒక్కో ముద్ద తోడు.

పని కష్టం కాదు, ముసుగే కష్టం. తడి గోడ ముందు ఎవరూ ముఖం చూపకూడదు. తడిగా ఉన్నంతసేపు ఏ ముఖాన్ని ఎక్కువగా చూస్తే ఆ ముఖమే తన మనిషి అనుకుంటుంది ఇల్లు. ఆరాక ఆ మనిషికే తలుపు తీస్తుంది. మిగతావాళ్ళని లోపలున్న తనవాళ్ళు పిలవాలి. ఓరుమాకి పోవలసింది ఏ ముఖమూ చూడని కోరా మట్టి. అందుకని తలగుడ్డలు ముఖాలకి చుట్టుకుని, కంటికి చిన్న సందు వదులుకుని పని చేస్తున్నాం. చూసేవాడికి పదిమంది దొంగలు కలిసి కన్నం వెయ్యడం మాని గోడ కడుతున్నట్టుంటుంది.

ఊరు మొత్తం ఒకే తోడు మట్టి కావడంలో చిక్కులున్నాయి. మొన్న సింహాద్రమ్మ పోయినప్పుడు ఆవిడ ఇల్లే కాదు, ఊళ్ళో గోడలన్నీ చెమర్చాయి. గోడ పక్కన ఆరేసిన నా పంచె మళ్ళీ తడిసింది. ఆవిడ బతికుండగా కూడా నా బట్టలు ఆరనిచ్చేది కాదు. కర్మ అయ్యాక ఆవిడ మేనకోడలు వచ్చి ముఖం చూపిస్తే, అప్పుడు ఆ ఇల్లు కొత్త మనిషికి తలుపు తీసింది. మనిషి ఉన్నంతకాలం మారదు, మనిషి పోయాక మాత్రం బుద్ధిగా మారుతుంది. మనుషుల్లో కూడా అంత నీతి లేదు.

సాయంత్రం పేచీ వచ్చింది. "దిష్టిబొమ్మ కట్టకుండా ఇల్లు లేపడమేటి?" అన్నాడు బావ. తక్కినవాళ్ళూ పని ఆపేశారు. లీవాకి అర్థం కాలేదు. లేస్తున్న ఇంటి మీద అందరి కళ్ళూ పడతాయని, ఆ కళ్ళని లాక్కోడానికి వికారమైన బొమ్మ కడతామని చెప్పాను.

"బొమ్మకి ముఖం ఉంటుందా?"

"ముఖం లేకపోతే దిష్టి ఎవరికి తగుల్తాదమ్మా?"

చాలాసేపు ఆలోచించింది. చివరికి బొమ్మ ముఖం దారి వైపుండాలని, వీపే గోడకి చూపించాలని ఒప్పందం. బొమ్మ చేసే పని నాకిచ్చారు. దొంగ చేతికి తాళం ఇవ్వడమంటే ఇదే.

3
గురువారం. ఎండ. గోడ తల ఎత్తు, తడి.

అబద్ధం రాయొద్దంది కాబట్టి రాస్తున్నాను.

గడ్డి కుక్కి మొండెం చేశాను. అప్ప ఆరేసిన బట్టల్లోంచి బావ నీలం చొక్కా కాజేసి దానికి తొడిగాను. తలకి కుండ. కుండకి దారివైపు కోరలు, గుడ్లు, వేలాడే నాలిక, అన్నీ పద్ధతిగా రాశాను. వెనకవైపు, అంటే గోడ వైపు, మా బావని రాశాను. మీసంలో ఎడమపక్క మొలవని ముక్క, ముక్కు పక్క పులిపిరి, ఒక కన్ను కొంచెం చిన్నది. ఇన్నేళ్ళు పడవలకి కళ్ళు రాసిన చెయ్యి. ముఖం అచ్చుగుద్దినట్టు వచ్చింది.

చూరుకి కట్టాం. బావ కుంటికాలు ఈడ్చుకుంటూనే నిచ్చెనెక్కి గోడ మెత్తుతూ పక్కకి తిరిగేసరికి జానెడు దూరంలో తనే ఉన్నాడు. నిచ్చెన మీంచి పడబోయి చూరు పట్టుకున్నాడు.

"ఒరే సన్యాసీ."

"ఏం బావా?"

"పులిపిరి ఇంత పెద్దదేటిరా?"

తీసేస్తాడనుకున్నాను. తియ్యలేదు. "ఉండనీ. ఇంటికి అందం," అని మళ్ళీ మెత్తడం మొదలెట్టాడు. ముసుగులో నవ్వుతుంటే గుడ్డ ఎగిరెగిరి పడింది. బావకి బావమరిదికి మధ్య ఇలాంటివి లెక్కలోకి రావు. లీవా దారివైపు నుంచే చూసి, కోరలు బాగున్నాయని మెచ్చుకుని వెళ్ళిపోయింది.

4
ఆదివారం. గోడ ఆరింది.

గట్టిగా ఆరింది. చెవి ఆనిస్తే లోపల సన్నగా ఊపిరి వినిపిస్తోంది. పెళ్ళిపందిట్లో పడుకున్న ముసలాయన గురకలా ఉంటుంది ఆ చప్పుడు. అది మంచిదేనట.

ఒక్క విషయం బాగా లేదు. బొమ్మని చూరు చివర కట్టాం. ఈ పొద్దున్న గుమ్మం దగ్గర ఉంది. అందరూ నావైపు చూశారు.

"నేను కాదు."

"నువ్వే," అన్నాడు బావ.

"అమ్మతోడు."

"మీ అమ్మ మీద ఇప్పటిదాకా ఎన్ని ఒట్లేశావో లెక్కుందేటి? పాపం పైనున్నాది గాబట్టి సరిపోయింది."

తీసుకెళ్ళి మళ్ళీ చూరు చివర కట్టాను.

5
మంగళవారం. ఎండ. గోడ గురించి కింద.

నిన్న మళ్ళీ గుమ్మం దగ్గరికొచ్చింది. ఈ రోజు నన్ను ఎవరూ అడగలేదు కూడా, నా వైపు చూసి ఉమ్మేసి పనిలోకి పోయారు. జీవితంలో మొదటిసారి చెయ్యని పనికి పేరొచ్చింది. నాకది నచ్చలేదు. అందుకని మిట్టమధ్యాహ్నం అందరూ అన్నాలకి పోయాక ఎదురుగా ఉన్న ఇసక గుట్ట మీద గొడుగేసుకుని కూర్చున్నాను.

గాలి లేదు. ఆకు కదలడం లేదు. బొమ్మ మాత్రం కదిలింది. ఊగడం కాదు. జరిగింది. చూరు మట్టి బెల్లం పాకం సాగినట్టు సాగి, తాడుని లోపలికి తీసుకుంటోంది. గడియారం ముల్లు నడవడం కనపడదు గాని నడిచిందని తెలుస్తుంది చూశారా, అలా. తాడు పొట్టిదవుతోంది. బొమ్మ గుమ్మం ముందుకొచ్చింది. తలుపు తెరుచుకుంది.

ఏ ముఖమూ చూడని ఇంటికి తలుపు తెరుచుకోకూడదు.

బొమ్మ లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. ఇసక మీద నా నీడ నా కాళ్ళ కిందే ఉంది. దాన్ని కూడా నమ్మబుద్ధి కాలేదు.

పరిగెత్తుకెళ్ళి అందరినీ పిలుచుకొచ్చాను. ఎవరు తోసినా తలుపు రాలేదు. లీవా ముసుగు తీసి నిలబడింది. రాలేదు. "ఆగండెహె," అని బావ కుంటుకుంటూ ముందుకి రాగానే, ఇంకా చెయ్యెత్తకుండానే, తీసేసింది.

లోపల గుమ్మం పక్కన ఒక గట్టు ఉంది. మేము కట్టలేదు. గోడే మొలిపించుకుంది. బొమ్మని దాని మీద కూర్చోబెట్టుకుంది, కుండ మీది బావ ముఖాన్ని గుమ్మం వైపు తిప్పి. బావ కుడికాలు వంగదు. పాత ఊరు పోయిన రోజు పడవ దానిమీద పడింది. అప్ప ఇంట్లో ఆయన రోజూ కూర్చునే గట్టులో ఆ కాలు పెట్టుకోడానికి ఒక గుంట పడింది. ఈ గట్టులో కూడా అదే గుంట ఉంది.

బావ ఆ గుంటలో కాలు పెట్టి చూశాడు.

"సరిపోయింది," అన్నాడు. గొంతులో ఎగతాళి లేదు.

6
బుధవారం. ముసురు. గోడ వెచ్చగా ఉంది.

అన్నీ చెప్పేశాను, కుండ వెనక ముఖం సంగతి. లీవా తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇల్లు కట్టగా మెత్తగా మిగిలిన మట్టి ముద్దలు అరల మీద వరసగా పెట్టి ఉన్నాయి. ఆవిడ బావని పాకలో ఆ చివర నుంచి ఈ చివరకి నడవమంది. బావ నడిచాడు. ముద్దలన్నీ పొద్దుతిరుగుడు పువ్వుల్లా మెల్లిగా ఆయన వెంట తిరిగాయి. చప్పుడు లేదు. ఆయన ఆగితే అవీ ఆగాయి.

"ఈ మట్టితో కట్టిన ప్రతి ఇల్లూ మీ బావ గారి కోసమే ఎదురు చూస్తుంది," అంది లీవా. "మా అమ్మ తన ఇంటి బయట నిలబడి ఉంటుంది. ఇల్లు తీయదు."

"పోనీ ఇంకో తొట్టి వేద్దాం."

"ఊరి మట్టి ఒకసారి తోడు ఇచ్చాక మళ్ళీ ఇవ్వాలంటే ఒక ఋతువు కావాలి. ఓడ అమావాస్య పోటుకి బయలుదేరాలి. తరువాత అక్కడ తుఫానుల కాలం. నిరుడు టార్పాలిన్ల కింద ఉన్నవారిలో చాలామంది ఇప్పుడు లేరు. మా అమ్మ ఇప్పుడు టార్పాలిన్ కింద ఉంది."

బావ నా పక్కకొచ్చి మెల్లిగా అన్నాడు. "ఊరు నిండా ఇళ్ళు నాకే రా. నీ పుణ్యమే." నవ్విద్దామనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అది కూడా మొదటిసారే.

7
శుక్రవారం. వాన వెలిసింది. గోడ మారలేదు.

సింహాద్రమ్మ ఇల్లు గుర్తొచ్చింది. మనిషి పోతే ఇల్లు ఏడ్చి ఊరుకుంటుంది, కొత్త ముఖానికి సిద్ధపడుతుంది. ఇల్లు మనిషనుకుంటున్నది గడ్డిబొమ్మని. ఆ బొమ్మని చంపితే?

"చంపడమంటే?" అంది లీవా.

"పాడె కడదాం. డప్పులు కొడదాం. గుమ్మంలోంచి కాళ్ళు ముందు పెట్టి మోసుకుపోదాం. ఇల్లు చూస్తుంది."

లీవా ఒప్పుకుంది. అయితే మోయడానికి నలుగురం సరిపోతాం గాని ఏడవడానికి సరిపోం. అప్ప ఏడవాలి. ఆ మట్టిలో అప్ప వంటింటి గోడ ఉంది, ఆవిడ గొంతైతే నమ్ముతుంది.

అప్ప చేపలు తోముతోంది. చెప్పింది మొత్తం విని కత్తిపీట పక్కన పెట్టింది.

"బతికున్న మొగుడికి ఏడవమంటావా? నీకు నవ్వులాటకి హద్దుందేటిరా? చిన్నప్పుడు మంచంలో పీతలేశావు, ఊరుకున్నాను. పెళ్ళిలో ఈయన చెప్పుల్లో బెల్లం పోశావు, చీమలు కుట్టినా ఊరుకున్నాను."

"నవ్వులాట కాదప్పా."

"ఇప్పుడు కాదు. మొన్నటి నవ్వులాటే కదా ఇక్కడికి తెచ్చింది."

బావ గట్టు మీద తన గుంటలో కాలు పెట్టుకుని కూర్చున్నాడు. "పైడీ, మన పెద్దది ఎక్కడ పుట్టింది?" అన్నాడు.

అప్ప చేతికంటిన పొలుసులు దులుపుకుంది.

"టార్పాలిన్ కింద. వానలో. మూడో రోజుకి ఈ గోడ లేపారు వాళ్ళు. పిల్లకి ముందు నీ ముఖం తెలిసిందో ఈ గోడ తెలిసిందో. నేను ఏడవమంటున్నాను గాని చస్తానన్నానేటి?"

అప్ప కత్తిపీట మళ్ళీ ముందుకు లాక్కుంది. ఒక చేప తోమింది. తరవాత, "బొట్టు తియ్యను. గాజులు తియ్యను. ఏడుస్తాను, అంతే," అంది.

8
ఆదివారం. పొద్దున్నే ఎండ. గోడ గురించి కింద.

బావని సరుగుడు తోపులో దాచాం. ఇంటికి కనపడకూడదు. పాడె కట్టాం. బొమ్మకి కొత్త గుడ్డ కప్పి, బావ ముఖం పైకి వచ్చేట్టు పడుకోబెట్టాం. ఇల్లు తలుపు తీసే ఉంచింది, తన మనిషి బయటికి వస్తున్నాడు కదా. గట్టు మీంచి ఎత్తినప్పుడు అంటుకున్నట్టు కాసేపు పట్టుకుంది. తరవాత వదిలింది.

అప్ప ముందు మాటలు వెతుక్కుంది. "ఓరి నా నాయనో," అని తుమ్మినట్టు అంది. ఒకడు నవ్వాడు. అప్ప వాడి వైపు చూసింది, పాడె మీది ముఖం వైపు చూసింది. దాంతో నిజంగానే పట్టుకుంది ఏడుపు.

"నా పులుసుకి వంకలెట్టినోడా. కాలిరిగినా కబుర్లు మాననోడా. గోడ గోకి ఇంటికి నొప్పెట్టినోడా. వాన పడతాదన్నా వినకుండా ఏటికి పోయినోడా. నన్నొగ్గేసి ఏ ఊరు పోనావు, ఎవరికి సెప్పి పోనావు."

నవ్వినవాడు ముసుగు కళ్ళ మీదికి దించుకున్నాడు. లీవా కూడా ఏడ్చింది, ఆవిడకి ఎవరి కోసమో ఉండే ఉంటారు.

దారి మధ్యలో దింపుడుకల్లం. పాడె దించి పోయినవాడి చెవిలో మూడుసార్లు పిలవాలి. పలికితే బతికినట్టు, పలకకపోతే ఇక లేనట్టు. ఆ పని నాది. కుండ చెవి దగ్గర వంగాను. నేను రాసిన ముఖమే. చిన్న కన్ను నన్ను చూస్తోంది.

"బావా," అన్నాను. డప్పులు ఆగాయి.

"బావా."

అప్పుడు భయమేసింది. తోపు దగ్గరే ఉంది. బావ సంగతి నాకు తెలుసు. నేనైతే ఈ పాటికి "ఓయ్" అని అరిచి అందరినీ పరిగెత్తించేవాణ్ణి. 

"బావా."

తోపులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. బంగారంలాంటి మనిషి, నా కంటే బుద్ధిమంతుడు అనుకున్నాను. కుండ పగలగొట్టి, గడ్డికి నిప్పు పెట్టాం.

తిరిగొచ్చేసరికి ఇంటి గోడలు చెమర్చి ధారలు కడుతున్నాయి. పాకలో ముద్దలు తిరగడం మానేసి చదునుగా పడి ఉన్నాయి. లీవా ముసుగు తీసి వాటి ముందు అటూ ఇటూ నడిచింది. ఏదీ ఎవరివైపూ చూడలేదు. కోరా మట్టి. లీవా నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఊళ్ళోకి వెళ్తే అన్ని ఇళ్ళ గోడలూ తడే. పిల్లలు గోడల మీద వేళ్ళతో బొమ్మలు గీస్తున్నారు. పని గట్టిగా జరిగిందని సంబరపడ్డాం.

9
అదే రోజు, దీపాల వేళ.

బావని తోపులోంచి తీసుకొచ్చాను. దారి పొడవునా నవ్వుతూనే ఉన్నాడు. "మూడోసారి పిలిచినప్పుడు నోటిదాకా వచ్చిందిరా. నాలిక కొరుక్కున్నాను. పైడి అలా ఏడుస్తాదని తెలిస్తే ఎప్పుడో చద్దును."

ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. తలుపు తియ్యలేదు.

అప్ప లోపల్నుంచి పిలిచింది. "రా, లోపలికి రా." ముష్టివాణ్ణి పిలిచినా తీసే తలుపు. తియ్యలేదు. అప్ప నన్ను పిలిస్తే తీసింది. బావ ముందుకి అడుగేస్తే మూసింది. మెల్లిగా మూసింది, పాపం కోపంగా కాదు.

అప్ప తలుపు సందులో రోకలి అడ్డం పెట్టింది. బావ పక్కకి ఒరిగి దూరి వెళ్ళాడు. ఇంట్లో వెచ్చదనం ఒక్కసారిగా పోయింది. చీకటి పడ్డాక గోడల్లో ఉండే ఆ కాస్త వెలుగూ ఆరిపోయింది. నాలుగు గోడలూ మళ్ళీ కారడం మొదలెట్టాయి. బావ తన గట్టు మీద కూర్చున్నాడు. కాలి గుంట నిండా నీళ్ళున్నాయి. అందులో కాలు పెట్టి తీసేశాడు.

నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి. బియ్యం డబ్బా తేలింది.

"నేను లోపలుంటే ఇది ఏడుపు ఆపదే," అన్నాడు బావ. లేచి తనే బయటికొచ్చాడు. వెనకాల తలుపు మూసుకుంది. కాసేపటికి వెలుగు వచ్చింది.

మా ఇంటికి తీసుకెళ్ళాను. తియ్యలేదు. పక్కింటికి, ఎదురింటికి. ఏ ఇల్లూ తియ్యలేదు. ఒకే తోడు మట్టి. పొద్దున్న పంచెలు తడుస్తున్నప్పుడు, నవ్వుకుంటున్నప్పుడు, ఊళ్ళో ఒక్కరికీ ఈ సంగతి తట్టలేదు. అందరిలోకి తెలివైనవాణ్ణనుకునే నాకు అసలే తట్టలేదు.

బావ శిబిరం పాకలో పడుకున్నాడు. పాకకి గోడల్లేవు.

10
గురువారం. పోటు వస్తోంది. ఇంటిని ముద్దలుగా కోసి ఓడకెక్కించాం.

లీవా తనకి తెలిసిన పద్ధతులన్నీ ప్రయత్నించింది. బావ ముఖం పొద్దున్నుంచి సాయంత్రం దాకా అప్ప ఇంటి గోడకి చూపించింది. గోడ కారింది, అంతే. "పోయినవారి ముఖాన్ని ఇల్లు మళ్ళీ నేర్చుకోదు. పోయినవారు తిరిగి రావడం ఎప్పుడూ జరగలేదు కదా," అంది. బావని ఓడలో తీసుకుపోదామా అంటే అక్కడి ఇళ్ళకీ ఇదే మట్టి.

"సన్యాసి గారూ, మీరు రావాలి. మీ చేతి పని బాగుంటుంది."

"నా చేతి పని చూశారు కదమ్మా."

ఆవిడ నవ్వలేదు. నా ముసుగు గుడ్డ అడిగి తీసుకుంది, వాళ్ళమ్మ ఇంటి పనికి కట్టుకుంటానంది. రాసిన ఈ కాగితాలు తనకి ఇవ్వనక్కర్లేదు, రాస్తూ ఉండమంది. మిగతా ఎనిమిదిమందీ లీవాతో ఓడెక్కారు. నేను రేవులో తాడు విప్పాను. విదేశం పోతానని కొత్త చెప్పులు కొనుక్కున్నాను, బురదలో ఒకటి పోయింది.

11
చాలా రోజుల తరవాత. పడమర గాలి. గోడ ఆరింది. చచ్చిన మట్టి.

ఊరి చివర, అప్ప ఇంటికి ఎదురుగా, చెరువు మట్టిలో గడ్డి తొక్కి గోడలు పెట్టాను. బతికున్న మట్టి ఒక్క పిడికెడు కూడా కలపలేదు. ఇలాంటి ఇల్లు మా తాత కట్టేవాడు. నేను రెండుసార్లు కడితే రెండుసార్లూ పడిపోయింది. మూడోసారి నిలబడింది. దీనికి ఊపిరి లేదు. చెవి ఆనిస్తే మట్టి వాసన తప్ప ఏమీ రాదు. ముసుగు లేకుండా కట్టాను, ఎవణ్ణీ గుర్తు పెట్టుకోదు కాబట్టి. దిష్టిబొమ్మకి రెండువైపులా నా ముఖమే రాశాను. కోరలు అక్కర్లేదంది అప్ప.

ఈ రోజు పాలు పొంగించాం. అప్ప లోపల ఉంది. బావ గుమ్మం ముందు నిలబడ్డాడు, నిలబడే ఉన్నాడు. తలుపు చెక్కది, మామూలు చెక్క. ఆయన దాని వంక చూస్తూ ఎదురు చూస్తున్నాడు.

"తొయ్యాలి బావా," అన్నాను.

చెయ్యి ఎత్తాడు గాని ఆనించలేదు. నేను దగ్గరికెళ్ళి ఆయన చెవి దగ్గర వంగాను.

"బావా."

ఆయన నా వైపు చూశాడు.

"బావా."

లోపల అప్ప గరిట చప్పుడు ఆగిపోయింది.

"బావా."

"ఓయ్," అన్నాడు. గట్టిగానే అన్నాడు. తలుపు తోసుకుని లోపలికి పోయాడు.

రోడ్డుకి అవతల అప్ప పాత ఇల్లు, పోయినవాడు కనపడకూడదనేమో, ఇటు వైపున్న తన కిటికీని సాయంత్రానికల్లా మట్టితో పూడ్చుకుంది.

12
ఆదివారం. గాలి లేదు. గోడ అలాగే ఉంది.

రేవు రేడియోలో లీవా మాట్లాడింది. నేనూ బావా వెళ్ళి విన్నాం. ఇళ్ళు లేచాయి. ముఖాలు చూపించారు. అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. మొదటి తుఫాను దాటింది, వాళ్ళమ్మ పొడిగా ఉంది.

తరవాత గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. ప్రతి ఇంట్లోనూ గుమ్మం పక్కన ఒక గట్టు మొలిచిందట. ఎవరూ కట్టలేదు. గట్టులో ఒక గుంట, వంగని కాలు చాపుకోడానికి సరిపోయేంత. తెల్లారేసరికి అందులో కొన్ని నీళ్ళు ఊరుతున్నాయి. ఇది ఎవరిదని వాళ్ళమ్మ అడిగితే, ఈ ఇంటి పెద్దాయనది అని లీవా చెప్పిందట. ఓరుమా వాళ్ళు ఆ గట్టు మీద ఎవరూ కూర్చోవడం లేదు. పొద్దున్నే ఒక పువ్వు పెడుతున్నారు.

బావా నేనూ తిరిగి వస్తున్నాం. ఊరి మొదట్లో ఇళ్ళ వరస వచ్చింది. ఆయన దగ్గరవుతున్నకొద్దీ ఒక్కో ఇంట్లో వెలుగు తగ్గుతోంది, దాటాక మళ్ళీ వస్తోంది. మేమిద్దరం దానికి అలవాటు పడ్డాం.

చివరి ఇల్లు దాటాక అన్నాడు. "ఏరా, అక్కడ నాకు అన్ని ఇళ్ళల్లోనూ చోటుందన్నమాట."

"ఉంది బావా."

"పులిపిరి కూడా వచ్చిందేమో అడగాల్సింది," అన్నాడు.